ఆపరేషన్ అయిన మర్నాటి రాత్రి

మా జిల్లా పేజీలో నెలకొకటైనా కనిపించే వార్త: ‘వైద్యం వికటించి మహిళ మృతి, ఆస్పత్రి ఎదుట బంధువుల ఆందోళన’. పక్కన పగిలిన అద్దాల ఫోటో, కింద డాక్టరుగారి వివరణ ఒక్క వాక్యం, చివర్లో పోలీసులు వచ్చి సర్దిచెప్పడం. ఈ మధ్య చదివినదాంట్లో ఆవిడకి పిత్తాశయంలో రాళ్ళకి ఆపరేషన్ చేశారు. మర్నాడు ఇడ్లీ తిన్నదట, కూతురితో ఫోన్లో మాట్లాడిందట. మూడోనాడు తెల్లవారుజామున పోయింది. బంధువులు బద్దలుకొట్టింది మాత్రం ఆపరేషన్ థియేటర్ తలుపులు.

ఆవిడ పోయింది థియేటర్లో కాదు. థియేటర్ నుంచి బాగానే బయటికొచ్చింది. ఆ తర్వాత రెండు రోజులు ఒక మంచం మీద ఉంది, చుట్టూ జనం ఉన్నారు, గోడకి ఆక్సిజన్ పైపు ఉంది. ఆ రెండు రోజుల గురించి వార్తలో ఒక్క ముక్క లేదు. అడిగినవాళ్ళూ ఉన్నట్టు లేరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన దగ్గర ఆపరేషన్ చావుల్లో ఎక్కువ భాగం కత్తి వల్ల జరిగేవి కావు. కత్తి పని అయిపోయాక, వార్డులో, ముఖ్యంగా రాత్రిళ్ళు జరిగేవి. మన కోపం, ప్రభుత్వం పెట్టే ఖర్చు, ఆస్పత్రుల ప్రకటనలు, ఆఖరికి మన దణ్ణాలు కూడా థియేటర్ గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. తాళి కట్టే వేళకి ఊరంతా లేచి నిలబడి అక్షింతలు వేసి, ఆ పిల్ల కాపురం సంగతి ఎవరూ పట్టించుకోనట్టు ఉంటుంది మన వ్యవహారం.

నేను డాక్టర్ని కాను. మా ఇంట్లో ఎవరు ఆస్పత్రిలో పడ్డా తోడు పడుకునేవాణ్ణి. అన్నదమ్ములు హైదరాబాదులో, బెంగళూరులో, డాలస్‌లో ఉంటే ఊళ్ళో మిగిలినవాడికి దక్కే ఉద్యోగం అది. మంచాల మధ్య చాప పరుచుకుని పడుకున్నవాడికి పగలు రౌండ్సుకొచ్చే పెద్ద డాక్టర్లకి కనిపించనివి కొన్ని కనిపిస్తాయి.

థియేటర్లో ఆరుగురు, వార్డులో ఒకరు

మా పెద్దమ్మ కూతురు మత్తు డాక్టరు. ఆ వార్త పంపితే ఫోన్ చేసింది. "అన్నయ్యా, థియేటర్లో ఒక్క పేషెంటు చుట్టూ ఆరుగురం ఉంటాం. గుండె ఒక్కసారి తేడాగా కొట్టుకున్నా మానిటర్ అరుస్తుంది. నేను తలకాయ దగ్గర నుంచి కదలను. గంటన్నర తర్వాత అదే మనిషిని వార్డులోకి పంపిస్తాం. అక్కడ నలభై మందికి ఒక సిస్టరు. మనిషి అదే, ఒళ్ళు అప్పటికంటే నీరసంగా ఉంటుంది, చూసేవాళ్ళు మాత్రం ఉండరు."

ఇది ఆ అమ్మాయి ఒక్కదాని అనుభవం కాదు. ఆఫ్రికాలో 25 దేశాల్లో, 247 ఆస్పత్రుల్లో ఆపరేషన్ చేయించుకున్న 11,422 మందిని వరసగా గమనించిన ఒక పెద్ద అధ్యయనం 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. పేషెంట్లు వయసులో ఉన్నవాళ్ళు, సగటున నలభై లోపే. బీపీలు, గుండె జబ్బులు తక్కువ. అయినా నూటికి ఇద్దరికి పైగా చనిపోయారు, ప్రపంచ సగటుకి రెట్టింపు. చనిపోయిన 239 మందిలో 225 మంది ఆపరేషన్ రోజు దాటాక పోయినవాళ్ళు. థియేటర్లోనో, ఆ రోజే వార్డుకొచ్చాకో పోయినవాళ్ళు 14 మంది. నేను ఈ మాట పదిమంది దగ్గర అన్నాను. మత్తు ఎక్కువై పోతారనుకుంటున్నామే అని అందరూ ఆశ్చర్యపోయినవాళ్ళే.

అది పేద దేశాల గొడవలే అని తీసిపారెయ్యడానికీ లేదు. 2009లో అమెరికాలో దాదాపు 85 వేల ఆపరేషన్లని తీసుకుని, చావులు బాగా తక్కువున్న ఆస్పత్రుల్నీ, బాగా ఎక్కువున్నవాటినీ పక్కపక్కన పెట్టి చూశారు. చావుల్లో రెట్టింపు తేడా ఉంది. కానీ ఆపరేషన్ తర్వాత వచ్చిన సమస్యలు (చీము పట్టడం, రక్తస్రావం, న్యుమోనియా లాంటివి) రెండు చోట్లా ఇంచుమించు సమానమే. మంచి ఆస్పత్రుల్లో సర్జన్ల చేతికి దోషం అంటలేదని కాదు. సమస్య వచ్చినప్పుడు ఎవరో చూశారు, పరిగెత్తారు, మనిషిని దక్కించుకున్నారు. చెడ్డ ఆస్పత్రుల్లో ఆ పని జరగలేదు.

అంటే సర్జన్ ఎంత గొప్పవాడన్న ప్రశ్నకంటే రాత్రి రెండింటికి ఎవరు మేలుకుని ఉంటారన్న ప్రశ్న పెద్దది. మనం ఆస్పత్రి ఎంచుకునేటప్పుడు ఒక్కసారైనా అది అడుగుతామా? "చెయ్యి మంచిది" అని విని వెళతాం.

ఇరవై, ఇరవై, ఇరవై, ఇరవై

మా బాబాయికి కడుపులో పేగు చిల్లి పడింది. ఊళ్ళో ఆర్‌ఎంపీ గ్యాస్ అని ఇంజక్షన్లు వేస్తూ పోయాడు. మూడో రోజుకి కడుపు రాయిలా గట్టిపడితే పెద్దాస్పత్రికి తీసుకెళ్ళాం. రాత్రికి రాత్రి ఆపరేషన్ చేశారు. పీజీ డాక్టరు చెమటలు కక్కుతూ బయటికొచ్చి, లోపల లీటర్లకొద్దీ చీము ఉంది, కడిగాం, దేవుడున్నాడు అన్నాడు. ఆ కుర్రాడి మీద నాకు ఇప్పటికీ గౌరవమే.

రెండో రాత్రి సంగతి. బాబాయికి ఆక్సిజన్ మాస్క్ ఉంది. కరోనా సెకండ్ వేవ్‌లో కొన్న వేలికి తగిలించే మిషను నా సంచిలో ఉంటే పెట్టి చూశాను: 97. చాలు, బాగానే ఉంది అనుకున్నాం పిన్నీ నేనూ. బాబాయి మాత్రం కాస్త తిక్కగా మాట్లాడుతున్నాడు, దుప్పటి లాగేసుకుంటున్నాడు. నొప్పి కాబోలు అనుకున్నాం. పక్క మంచం వాళ్ళ ముసలమ్మ "మత్తు దిగుతుంటే అట్టాగే ఉంటది బాబూ" అంది.

ఒంటిగంట దాటాక పక్క మంచం పేషెంటుకి రక్తం తీయడానికి ఒక హౌస్ సర్జన్ అమ్మాయి వచ్చింది. సిరంజి పెట్టుకుని వెళ్ళిపోతున్నదల్లా మా దగ్గర ఆగింది. బాబాయి ఛాతీ వైపు చూసి, "ఒక్క నిమిషం మాట్లాడకండి" అని ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టింది. పూర్తిగా నిమిషం. వార్డులో ఆ పని చేసినవాళ్ళని నేను అంతకుముందు చూడలేదు. 36 అని అరచేతి మీద పెన్నుతో రాసుకుంది. కేస్ షీట్ తిప్పింది. శ్వాస అని ఉన్న వరసలో పొద్దుట్నుంచీ 20, 20, 20, 20 అని ఉంది. ఏమీ అనలేదు. పీజీకి ఫోన్ కొట్టింది. ఆయన ఇంకో ఎమర్జెన్సీలో కత్తి పట్టుకుని ఉన్నాడట. మళ్ళీ కొట్టింది. మూడోసారి తనే థియేటర్ దాకా నడిచి వెళ్ళింది.

ఆ తర్వాత అన్నీ జరిగాయి. పరీక్షలు, యాంటీబయాటిక్ మార్చడం, ఐసీయూలో అప్పుడే ఖాళీ అయిన మంచం, తెల్లారేసరికి మళ్ళీ కడుపు తెరవడం. కుట్టు ఒకచోట వదిలిందట. నెల్లాళ్ళు పట్టింది కానీ బాబాయి ఇంటికొచ్చాడు. ఇప్పుడు నన్ను చూస్తే పేకాటకి పిలుస్తాడు.

ఆక్సిజన్ పెట్టినప్పుడు వేలి మిషన్లో అంకె చాలాసేపు బాగానే కనిపిస్తుందని, ఒంట్లో విషం పాకుతుంటే ముందు మారేది ఊపిరి వేగమని, బీపీ పడిపోయేసరికి సగం కథ అయిపోతుందని తర్వాత మా చెల్లెలు చెప్పింది. బీపీకి మిషను ఉంది, జ్వరానికి థర్మామీటరు ఉంది, ఆక్సిజన్‌కి క్లిప్పు ఉంది. ఊపిరికి ఒక నిమిషం తీరిక తప్ప ఏ మిషనూ అక్కర్లేదు, కాబట్టే అది ఎవరూ చూడరు. 20 రాసేస్తారు.

ఆ 20 రాసిన సిస్టర్ని తిట్టుకోవడం తేలిక. నాకూ కోపం వచ్చింది. కానీ ఆవిడతో తర్వాత టీ తాగుతూ మాట్లాడాను. "నలభై రెండు మంచాలు, కింద పరుపులు ఇంకో ఆరు. ఒక్కొక్కరి దగ్గర ఐదు నిమిషాలు నిలబడితే నాలుగు గంటలు పడుతుంది సార్. నాలుగు గంటలకోసారి చూడమని రూలు. అంటే ఒక రౌండు అయ్యేసరికి రెండోది మొదలు. మరి ఇంజక్షన్లు ఎవరు వెయ్యాలి? కొత్త అడ్మిషన్లు? రక్తం బ్యాంకుకి ఎవరు పోవాలి?" నాకు బదులు దొరకలేదు. బోధనాస్పత్రుల్లో ముగ్గురు పేషెంట్లకి ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. ఆ లెక్కన ఆవిడ పదహారు మంది పని ఒక్కత్తీ చేస్తోంది. 20 అని రాయడం అబద్ధమే. ఆ అబద్ధాన్ని తప్పనిసరి చేసింది ఆవిడ కాదు.

హైదరాబాదులో ఎప్పుడో చెప్పిన మాట

ఇక్కడ కొంచెం పక్కదారి పడతాను, నాకిష్టమైన కథ కాబట్టి. ఆపరేషన్ బల్ల మీద మనుషులు ఎందుకు పోతున్నారని ప్రపంచంలో మొట్టమొదట పెద్దఎత్తున ప్రయోగాలు చేసిన చోట్లలో మన హైదరాబాదు ఒకటి. క్లోరోఫాం ఇస్తే కొందరు ఉన్నట్టుండి చచ్చిపోయేవారు. ముందు గుండె ఆగుతుందా, ఊపిరి ఆగుతుందా అని బ్రిటన్‌లో డాక్టర్లు కొట్టుకుంటున్నారు. అప్పుడు హైదరాబాదు వైద్య పాఠశాలకి పెద్దగా ఉన్న ఎడ్వర్డ్ లారీ 1888లో ఒక కమిషన్ వేశాడు. దాన్ని లండన్‌వాళ్ళు నమ్మకపోతే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బిచ్చి 1889లో రెండో కమిషన్ వేయించాడు. లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అనే పేరున్న వైద్యుడు లండన్ నుంచి దిగాడు. వందల కుక్కల మీద, కోతుల మీద ప్రయోగాలు చేసి తేల్చిందేమిటంటే, ముందు ఆగేది ఊపిరే, కాబట్టి నాడి పట్టుకుని కూచోకుండా ఊపిరిని కనిపెట్టుకుని ఉండండి అని.

లారీ సగమే రైటు. క్లోరోఫాం గుండెని నేరుగా కూడా ఆపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించాడు. లారీ మొండివాడు, తన మాట మీద పట్టుదలకి పోయాడు, ఆ మొండితనం వల్ల కొన్ని ప్రాణాలు పోయి ఉంటాయి కూడా. కానీ ఊపిరి చూడమన్న సగం మాత్రం ఈనాటికీ నిజం. ఇంగ్లండులో 2012 నుంచి వార్డుల్లో పెద్దలకి వాడమంటున్న, పరిస్థితి దిగజారితే పట్టిచ్చే హెచ్చరిక పట్టికలో కూడా ఊపిరి లెక్కకి చోటుంది. ఆ మాట మన హైదరాబాదులో గట్టిగా చెప్పి నూట ముప్ఫై ఏళ్ళు దాటింది. మన వార్డుల్లో ఇంకా 20.

మరి ఇబ్రహీంపట్నం సంగతేమిటి?

ఇంతవరకూ చదివిన వాళ్ళకి ఒక అనుమానం రావాలి. నాకూ వచ్చింది. 2022 ఆగస్టు 25న హైదరాబాదు దగ్గర ఇబ్రహీంపట్నం ఆరోగ్య కేంద్రంలో ఒకే రోజు 34 మంది ఆడవాళ్ళకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు పోయారు. అందరూ వయసులో ఉన్నవాళ్ళు, ఏ జబ్బూ లేనివాళ్ళు, ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్ళు. ఇన్ఫెక్షన్ అన్నారు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ దగ్గర ఒక్క సర్జన్ కొన్ని గంటల్లో 83 మందికి ఇదే ఆపరేషన్ చేశాడు. డజనుకి పైగా ఆడవాళ్ళు చనిపోయారు. బిలాస్‌పూర్ లాంటి దారుణాల మీదే 2016లో సుప్రీంకోర్టు ఈ క్యాంపుల్ని మూడేళ్ళలో ఆపెయ్యమంది. ఇబ్రహీంపట్నం దాని తర్వాతిది.

కుటుంబ నియంత్రణ క్యాంపులో తప్పు థియేటర్‌దే కదా, పరికరాలు సరిగ్గా శుభ్రం చెయ్యకుండా ఒకరి తర్వాత ఒకరికి వాడితే వార్డులో ఎంతమంది మేలుకుంటే ఏం లాభం అంటారా? ఒప్పుకుంటాను. థియేటర్‌ని వదిలెయ్యమని నేననను. కానీ ఇబ్రహీంపట్నంలోనే ఇంకో సగం కథ ఉంది. ఆ ఆడవాళ్ళని ఇళ్ళకి పంపేశారు. వాంతులు, నొప్పి, నీరసం మొదలైంది ఇంటి దగ్గర, చుట్టూ ఎవరికీ అదేమిటో తెలియనిచోట. చావులు బయటపడ్డాక మిగతా 30 మందినీ వెనక్కి పిలిపించి నిమ్స్‌లో, అపోలోలో పెట్టి కనిపెట్టుకుని చూశారు. వాళ్ళు ఇళ్ళకి తిరిగొచ్చారు. అందరికీ ఇన్ఫెక్షన్ ఉందని నేననడం లేదు. అయినా ఆ నలుగురినీ కూడా ఆ రెండు మూడు రోజులు ఎవరైనా అలాగే చూసుంటే అన్న ఆలోచన వదలదు. అప్పుడు వేటు పడింది సూపరింటెండెంట్ మీద. ఆపరేషన్ అయినవాళ్ళని ఇంటికి పంపాక రెండో రోజు ఫోన్ చేసి "వాంతులవుతున్నాయా అమ్మా" అని అడిగే ఏర్పాటు ఎందుకు లేదని గట్టిగా అడిగినవాళ్ళు నాకు కనబడలేదు.

చూస్తే చాలదట

నా వాదనకి ఇంతకంటే గట్టి దెబ్బ ఇంకొకటుంది, దాచిపెట్టను. ఇందాక చెప్పిన ఆఫ్రికా అధ్యయనం చేసినవాళ్ళే, చావులన్నీ వార్డులోనే కదా జరుగుతున్నాయి, వార్డులో కాపలా పెంచి చూద్దాం అనుకున్నారు. 28 దేశాల్లో, వందల ఆస్పత్రుల్లో. ప్రమాదం ఎక్కువున్న పేషెంట్లకి నర్సులు ఎక్కువసార్లు చూడటం, మంచం నర్సుల బల్లకి ఎదురుగా వెయ్యడం, మంచం దగ్గర ఏం చూడాలో కాగితం పెట్టడం, చివరికి ఇంటివాళ్ళని తోడు ఉండనివ్వడం. అచ్చం నాలాంటివాళ్ళు అడిగేవే. 2021లో ఫలితం వచ్చింది. చావులు తగ్గలేదు.

ఆ ఫలితం గురించి చదివాక నాకు చాలా రోజులు మనసు పాడయింది. చెల్లెలితో వాదించాను. ఆ అమ్మాయి తేలిగ్గా తీసుకుంది. "చూసింది సరే. చూసినవాళ్ళు ఎవరిని పిలవాలి? పిలిస్తే ఎవరొస్తారు? వచ్చినవాళ్ళ చేతిలో ఏముంటుంది?" అంది. మా బాబాయి విషయంలోనే చూడండి. ఆ హౌస్ సర్జన్ 36 లెక్కపెట్టడం ఒక మెట్టు. ఆ తర్వాత థియేటర్ దాకా నడిచి వెళ్ళడానికి ఆ అమ్మాయికి ధైర్యం ఉండాలి, అర్ధరాత్రి లేపితే తిట్టని పెద్ద డాక్టరు ఉండాలి, ఐసీయూలో మంచం ఉండాలి, రక్తం ఉండాలి, మళ్ళీ కడుపు తెరవడానికి థియేటర్ ఖాళీగా ఉండాలి. ఇందులో ఒక్కటి లేకపోయినా ఆ 36 ఉత్త అంకె. పైగా అప్పటికే అలసిపోయిన అదే సిస్టర్ని ఇంకా ఎక్కువసార్లు చూడమంటే ఆవిడ ఇంకా ఎక్కువసార్లు 20 రాస్తుంది.

అందుకని నా అభిప్రాయాన్ని కాస్త సవరించుకున్నాను, వదులుకోలేదు. రాత్రి వార్డు అంటే కళ్ళు మాత్రమే కాదు. కళ్ళు, కాళ్ళు, మంచం, రక్తం, కోప్పడని గొంతు అన్నీ కలిస్తేనే. దీనికయ్యే ఖర్చు తక్కువని నేను చెప్పను. కానీ కొత్త మాడ్యులర్ థియేటర్ ప్రారంభోత్సవానికి మంత్రిగారు రిబ్బను కత్తిరిస్తారు. పదిమంది నైట్ నర్సుల పోస్టులకి రిబ్బను ఎక్కడ కట్టాలి?

ఇంకో మాట కూడా నిజమే. మా బాబాయి మూడో రోజు వచ్చాడు. మొదటి రోజే వచ్చి ఉంటే చీము లీటర్లు ఉండేది కాదు. ఆఫ్రికా లెక్కల్లోనూ సగానికి పైగా ఎమర్జెన్సీ ఆపరేషన్లే. చావు చాలాసార్లు ఇంటి దగ్గరే, ఆర్‌ఎంపీ ఇంజక్షన్ దగ్గరే, డబ్బు సర్దుబాటు కాని ఆ రెండు రోజుల్లోనే మొదలవుతుంది. సర్జన్లు ఈ మాటంటే జనానికి ఒళ్ళు మండుతుంది కానీ వాళ్ళ మాటలో న్యాయం ఉంది. అయితే ఆలస్యంగా వచ్చినవాడికే కదా రాత్రి కాపలా మరింత కావలసింది?

లెక్కలో లేని చావు

బాబాయికి అటుపక్క మంచం మీద ఒక ఆటో నడిపే కుర్రాడు ఉండేవాడు. అతనికీ కడుపు ఆపరేషనే. మేం ఐసీయూకి మారిన మర్నాడు అతనికి ఆయాసం ఎక్కువై, లాభం లేదని చెప్పారట. శవమయ్యాక ఊరికి తీసుకెళ్ళాలంటే వ్యాను వాళ్ళు ఎంత అడుగుతారో అందరికీ తెలుసు. ఊపిరి ఉండగానే ఇంటికి చేర్చాలన్న పట్టింపు ఎటూ ఉంటుంది. వాళ్ళ నాన్నకి చదువు రాదు. "మా ఇష్టప్రకారమే తీసుకెళ్తున్నాం, ఏం జరిగినా ఆస్పత్రివారికి బాధ్యత లేదు" అన్న కాగితం నేనే చదివి వినిపించాను. ఆయన వేలిముద్ర వేశాడు. ఆక్సిజన్ సిలిండరుతో అంబులెన్సు ఎక్కించారు. దారిలోనే పోయాడని పిన్నికి ఎవరో చెప్పారు.

ఆ కుర్రాడి చావు ఆ ఆస్పత్రి రిజిస్టర్లో లేదు. ‘వైద్య సలహాకి విరుద్ధంగా వెళ్ళిపోయిన పేషెంటు’ అని ఉంటుంది. ప్రైవేటులో ఇది ఇంకా నున్నగా జరుగుతుంది. పరిస్థితి విషమించగానే ‘పై ఆస్పత్రికి రిఫర్’ అని రాసి పంపేస్తారు. చిన్న ఆస్పత్రికి సున్నా చావులు, చచ్చేముందు చేరిన పెద్దాస్పత్రికి చెడ్డపేరు. పేదవాళ్ళ ఆస్పత్రిలో అందరూ చస్తారని మనం చెప్పుకుంటాం.

తల్లుల విషయంలో మనం ఇలా లేము. కాన్పు అయ్యాక 42 రోజుల్లోపు ఎక్కడ చనిపోయినా, ఇంట్లోనైనా, అంబులెన్సులోనైనా మాతృ మరణం కిందే లెక్క. 2010 నుంచి దేశమంతా ఆ చావుల్ని ఒక్కొక్కదాన్నీ సమీక్షించాలని పద్ధతి పెట్టారు. ఆరోగ్య కేంద్రం సిబ్బంది ఇంటికొచ్చి అడుగుతారు: ఎప్పుడు నొప్పులొచ్చాయి, బండి ఎప్పుడు దొరికింది, ఎక్కడ తిప్పి పంపారు అని. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004-06లో లక్ష మంది బిడ్డలు ప్రాణంతో పుడితే 154 మంది తల్లులు పోయేవారు. 2018-20 నాటికి తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. ఇది లెక్కపెట్టడం వల్లే అయిందనను. 108 వచ్చింది, కాన్పులు ఆస్పత్రులకి మారాయి, చాలా జరిగాయి. కానీ లెక్కపెట్టకుండా మాత్రం అయ్యేది కాదని నా నమ్మకం. ఆపరేషన్ చేయించుకున్నవాడికి ఆ 42 రోజుల్లో ముప్ఫై రోజులైనా ఎందుకివ్వకూడదు?

ఇక్కడ డాక్టర్ల భయం నాకు తెలుసు. లెక్క బయటపడితే మర్నాడు పేపర్లో, ఎల్లుండి గుమ్మం ముందు టెంటు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం 1989 నుంచి గుండె ఆపరేషన్ల చావులు లెక్కగట్టి, తర్వాత ప్రకటించడం మొదలుపెడితే, కొందరు సర్జన్లు ప్రమాదకరమైన కేసుల్ని ముట్టుకోవడం మానేశారన్న ఆరోపణ వచ్చింది. మన దగ్గరైతే అది ఇంకా ఘోరంగా ఉంటుంది. అరవై ఏళ్ళ షుగరు పేషెంటుని ఎవరూ చేర్చుకోరు.

అందుకే నాకు నచ్చినది ఇంగ్లండువాళ్ళ దారి. 1987లో మూడు ప్రాంతాల్లో దాదాపు ఐదున్నర లక్షల ఆపరేషన్ల తర్వాత ముప్ఫై రోజుల్లో జరిగిన నాలుగువేల చావుల మీద రహస్య విచారణ నివేదిక ఒకటి వచ్చింది. డాక్టర్ల పేర్లు బయటపెట్టరు, కోర్టుకి ఇవ్వరు, నిజం చెప్పినవాడికి శిక్ష లేదు. బయటికొచ్చినవాటిలో ఒకటి, రాత్రిపూట అనుభవం లేని కుర్ర డాక్టర్లు పెద్దవాళ్ళకి చెప్పకుండా ఆపరేషన్లు చెయ్యడం. అక్కడా రాత్రే. మన దగ్గర అలాంటిది పెడితే పేషెంటు బంధువులకి న్యాయం ఎలా అని మీరడగొచ్చు. కేసు వేసే హక్కు వాళ్ళకి ఎటూ ఉంది, అది తీసెయ్యమనను. కానీ సస్పెన్షను, కేసు, అద్దాలు పగలడం, పదిలక్షలకి సర్దుబాటు, ఈ నాలుగింటిలో ఏదీ వచ్చే నెల అదే మంచం మీదికి వచ్చే ఇంకొకరిని కాపాడలేదు.

ఆరోగ్యశ్రీ ఇందులో ఏదైనా చెయ్యగలదా అని నాకొక ఆశ. 2007 నుంచి డబ్బు ప్రభుత్వం చేతిలో ఉంది. ప్యాకేజీ ఆపరేషన్ పేరు మీద వస్తుంది తప్ప రాత్రి ఎవరు మేలుకున్నారన్నదాన్ని బట్టి రాదు. డబ్బిచ్చేవాడికి అడిగే హక్కు ఉంటుంది కదా. ముప్ఫయ్యో రోజున ఒక ఫోన్ కాల్, మనిషి ఉన్నాడా లేడా అని. బతికున్నవాళ్ళ ఫీడ్‌బ్యాక్ కోసం ఎన్నో కాల్స్ వస్తున్నాయి మనకి.

వచ్చే నెల మా మేనత్తకి గర్భసంచి ఆపరేషన్. పట్టణంలో పేరున్న ప్రైవేటు ఆస్పత్రిలో చూపించాం. సర్జన్‌గారి పేరు పక్కన డిగ్రీలు రెండు లైన్లు ఉన్నాయి. అన్నీ విన్నాక "రాత్రి వార్డులో ఎవరుంటారండీ?" అని అడిగాను. "డ్యూటీ డాక్టరు ఉంటారు" అన్నారు. "ఏం చదివారండీ?" అన్నాను. ఆయనకి కోపం వచ్చింది, అత్తకి సిగ్గేసింది. బయటికొచ్చాక రిసెప్షన్‌లో అమ్మాయి చెప్పింది, రాత్రి డ్యూటీ చేసేది హోమియోపతి చదివిన కుర్రాడట, మూడు అంతస్తులకీ అతనే. ఆ ఆస్పత్రి వద్దనుకున్నాం. చెల్లెలు ఇంకోటి చెప్పింది, బిల్డింగు పాతది, లిఫ్టు లేదు, కానీ అక్కడ సర్జన్ మేడం పై అంతస్తులోనే కాపురం ఉంటారట. "ఆవిడ రాత్రి పదకొండింటికి నైటీ మీదే కిందికి దిగి ఒకసారి చూసి పోతారు అన్నయ్యా" అంది. అత్త మాత్రం ఇంకా లిఫ్టు లేదని సణుగుతోంది.